కెమిస్ట్రీ స్కాలర్లకు లిటరేచర్ సెర్చ్ నేర్పించే పద్ధతి

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో స్కాలర్ గైడ్ దగ్గరికి వచ్చి చెప్పే మాట చాలాసార్లు ఒకటే: "సార్, మొత్తం చూసిన, ఏం దొరుకుతలేదు." ఇంకొకరు అదే టాపిక్ మీద వేల పేపర్లు వచ్చి పడ్డాయని తల పట్టుకుని వస్తారు. రెండు చోట్లా జరిగింది ఒకటే. గూగుల్‌లో నాలుగు ఇంగ్లిష్ మాటలు కొట్టారు, వచ్చింది చూశారు, అంతే. కాలమ్ ఎలా ప్యాక్ చేయాలో, టీఎల్‌సీ ఎలా చదవాలో పక్కన నిలబడి నేర్పిస్తాం. పాత పేపర్లు వెతికే లిటరేచర్ సెర్చ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "లైబ్రరీకి వెళ్లి చూసుకో" అని వదిలేస్తాం. ల్యాబ్‌లో ఆరు నెలలు కష్టపడి చేసిన కాంపౌండ్ ముప్పై ఏళ్ల కిందటి పేపర్లో ఉందని సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) సమయంలో తెలిస్తే, ఆ నష్టం స్కాలర్ ఒక్కడిది కాదు.

హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ, కాజీపేట దారిలో ఎన్ఐటీ, కరీంనగర్‌లో శాతవాహన, డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ. ఉత్తర తెలంగాణలో కెమిస్ట్రీ పరిశోధన చేసే పిల్లలు ఎక్కువగా ఈ చోట్లే ఉంటారు. వీళ్లకు నేర్పించే గైడ్ల కోసం, కొత్త జూనియర్లను పక్కన కూర్చోబెట్టుకునే సీనియర్ స్కాలర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మే విషయం ఒకటుంది. కెమిస్ట్రీలో వెతకాల్సింది స్ట్రక్చర్‌తో. మాటలు ఆ తర్వాత వస్తాయి. వెతికిన ప్రతి అడుగూ, రియాక్షన్ రాసినంత శ్రద్ధగా నోట్‌బుక్కులోకి ఎక్కాలి. ఈ రెండూ అలవాటైతే డేటాబేస్ ఏదైనా స్కాలర్ తనంతట తాను నేర్చుకుంటాడు.

ముందుగా ఒక కాంపౌండ్ ఎంచుకోండి

పవర్‌పాయింట్‌తో మొదలుపెట్టకండి. పది డేటాబేసుల పేర్లు, లోగోలు చూపిస్తే పిల్లలు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఒక కాంపౌండ్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా దాని వెంటే నడిపించండి. నా మట్టుకు పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్‌ను మించింది లేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన పిల్లలకు పసుపు పంట సంగతి చెప్పనక్కర్లేదు. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం కూడా నిజామాబాద్‌కే వచ్చింది. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటి: సెర్చ్‌లో రావాల్సిన చిక్కులన్నీ ఈ ఒక్క అణువులోనే ఉన్నాయి. పేర్లు చాలా, టాటోమర్లు (హైడ్రోజన్ చోటు మారితే వచ్చే రూపాలు) రెండు, పేపర్లు లెక్కలేనన్ని. వాటిలో నమ్మదగనివీ ఉన్నాయి, ప్రపంచమంతా మాట్లాడుకున్న పేటెంట్ కేసూ ఉంది.

ఇద్దరిద్దరిని ఒక్కో సిస్టమ్ ముందు కూర్చోబెట్టండి. ఒకరు టైప్ చేయాలి, ఇంకొకరు రాయాలి. గంట తర్వాత మారాలి. ఒంటరిగా కూర్చున్న వాళ్లు దారి తప్పినా చెప్పరు. ఇద్దరుంటే "ఇది ఎందుకు కొట్టినవ్?" అని పక్కవాడే అడుగుతాడు. లైబ్రేరియన్‌ను కూడా పిలవండి. ఏ సబ్‌స్క్రిప్షన్ ఉందో, ఏది ఆగిపోయిందో మనకంటే వాళ్లకు బాగా తెలుసు.

ప్రశ్నను ఒక వాక్యంలో రాయించండి

కీబోర్డు ముట్టుకునే ముందు కాగితం మీద ప్రశ్న ఉండాలి. "కర్కుమిన్ డెరివేటివ్స్ మీద" అన్నది ప్రశ్న కాదు. "కర్కుమిన్‌లోని బీటా డైకీటోన్ భాగాన్ని హైడ్రజిన్‌తో పైరజోల్‌గా మార్చే రియాక్షన్‌ను ఎవరు, ఏ కండిషన్లలో చేశారు? ఈల్డ్ ఎంత వచ్చింది?" అన్నది ప్రశ్న. పైరజోల్ అంటే రెండు నైట్రోజన్లున్న ఐదు పరమాణువుల రింగ్, ఈల్డ్ అంటే ఎంత శాతం పదార్థం చేతికొచ్చిందో ఆ లెక్క. ఈ ప్రశ్నకు జవాబు దొరికిందో లేదో తేల్చి చెప్పొచ్చు.

ప్రశ్న కింద ఇంకో రెండు లైన్లు రాయించండి. వెతుకుతున్నది కాంపౌండ్ కోసమా, రియాక్షన్ కోసమా, స్పెక్ట్రా లాంటి డేటా కోసమా, లేక ఆ రంగంలో ఇప్పటిదాకా జరిగిన పని కోసమా? ఒక్కోదానికి వెళ్లాల్సిన చోటు వేరు. కాంపౌండ్, రియాక్షన్ అయితే స్ట్రక్చర్ గీసి వెతికే డేటాబేసులు సైఫైండర్, రియాక్సిస్. మెల్టింగ్ పాయింట్, మరిగే ఉష్ణోగ్రత లాంటి గుణాలకు రియాక్సిస్ చాలా బాగుంటుంది, ఏ విలువ ఏ పేపర్లోదో పక్కనే చూపిస్తుంది. స్పెక్ట్రాకు జపాన్ వాళ్ల ఎస్‌డీబీఎస్, అమెరికా ఎన్ఐఎస్‌టీ వెబ్‌బుక్ ఉచితం. ఒక రంగం మొత్తం అర్థం కావాలంటే పేపర్ల సూచికలైన స్కోపస్‌లోనో వెబ్ ఆఫ్ సైన్స్‌లోనో మంచి రివ్యూ వెతుక్కోవాలి.

పేరు నుంచి నంబర్‌కు

కర్కుమిన్‌కు ఎన్ని పేర్లున్నాయో బోర్డు మీద రాయించండి. డైఫెరులోయిల్‌మీథేన్, నేచురల్ ఎల్లో 3, సీఐ 75300, ఆహార పదార్థాల లేబుళ్ల మీద ఈ100. ఇక సిస్టమాటిక్ పేరు హెప్టాడైయీన్ డైఓన్ అంటూ లైను పొడుగునా ఉంటుంది. వీటిలో ఒక్క పేరుతో వెతికితే మిగతా పేర్లతో రాసినవాళ్ల పని చేజారుతుంది.

మనుషులకు ఆధార్ ఉన్నట్టే కాంపౌండ్లకు సీఏఎస్ రిజిస్ట్రీ నంబర్ ఉంటుంది. కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సంస్థ 1965లో ఈ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. కర్కుమిన్ నంబర్ 458-37-7. దీన్ని ఇచ్చి ఊరుకోకండి, సరైనదో కాదో పరీక్షించడం నేర్పండి. చివరి 7 చెక్ డిజిట్. దాన్ని పక్కన పెట్టి మిగతా అంకెలను కుడి నుంచి ఎడమకు 1, 2, 3, 4, 5తో గుణించాలి. 7×1, 3×2, 8×3, 5×4, 4×5. అంటే 7, 6, 24, 20, 20. మొత్తం 77. చివరి అంకె 7, చెక్ డిజిట్‌తో సరిపోయింది. మిరపకాయలోని క్యాప్సైసిన్ 404-86-4 ఇచ్చి పిల్లలతోనే చేయించండి: 6, 16, 12, 0, 20 కలిపితే 54, చివరి అంకె 4. రెండు నిమిషాల పని. నంబర్‌లో ఒక అంకె తప్పు పడితే అక్కడికక్కడే దొరికిపోతుంది. కెమికల్ ఆర్డర్ పెట్టేటప్పుడు కూడా ఇది పనికొస్తుంది.

ఇంకో గుర్తింపు ఇంచీ కీ. 27 క్యారెక్టర్లు ఉంటుంది, పబ్‌కెమ్ అనే కాంపౌండ్ల డేటాబేస్‌లో ప్రతి కాంపౌండ్ పేజీలో ఉచితంగా దొరుకుతుంది. అందులో మొదటి 14 అక్షరాలు అణువులో ఏది దేనికి అతికి ఉందో చెబుతాయి, స్టీరియో సంగతి (పరమాణువులు ఏ దిశలో అమరి ఉన్నాయో) ఆ తర్వాతి భాగంలో ఉంటుంది. కాబట్టి మొదటి 14 అక్షరాలనే సెర్చ్‌లో పెడితే ఆ అణువు స్టీరియో ఐసోమర్లన్నీ ఒకేసారి వస్తాయి.

ఇక్కడే కర్కుమిన్ చిక్కు చూపించండి. పబ్‌కెమ్ పేజీలో రెండు కార్బొనైల్స్ ఉన్న డైకీటో రూపం గీసి ఉంటుంది. ద్రావణంలో ఎక్కువగా ఉండేది ఈనాల్ రూపం, చాలా పేపర్లలో గీసేదీ అదే. మామూలు ఇంచీ కీ కీటో, ఈనాల్ రూపాలను వేర్వేరుగా లెక్కేస్తుంది. కాబట్టి రెండు రూపాలూ గీసి రెండుసార్లు వెతకాలి. పైరజోల్‌లో హైడ్రోజన్ ఏ నైట్రోజన్ మీద ఉన్నా మాత్రం అదే కీ వస్తుంది. ఈ తేడా చూసిన స్కాలర్ "డేటాబేస్‌లో లేదు" అనే ముందు తను ఏ రూపం గీశాడో ఒకసారి చూసుకుంటాడు.

స్ట్రక్చర్ గీసి వెతకడం

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. మిగతావన్నీ తగ్గించుకున్నా పర్వాలేదు.

మన ప్రశ్నలోని పైరజోల్‌నే తీసుకోండి. స్కాలర్ సహజంగా కర్కుమిన్, పైరజోల్ అన్న రెండు మాటలు కలిపి కొడతాడు. కొన్ని పేపర్లు వస్తాయి. కానీ ఇదే కాంపౌండ్‌ను కొందరు హైడ్రజినోకర్కుమిన్ అని పిలిచారు, ఆ పేరులో పైరజోల్ లేదు. ఇంకొందరు 3,5-బిస్ హైడ్రాక్సీమెథాక్సీస్టైరిల్ పైరజోల్ అని రాశారు, అందులో కర్కుమిన్ లేదు. అణువు ఒకటే, పేర్లు ఒకదానికొకటి తగలవు. స్ట్రక్చర్ గీస్తే మూడు పేర్లతో రాసినవాళ్లూ ఒకే చోట దొరుకుతారు. ఈ ఒక్క ఉదాహరణ పిల్లల ముందు చేసి చూపిస్తే చాలు, ఎందుకు గీయాలో ఇంకోసారి చెప్పే పని ఉండదు.

గీయడం ముందు పబ్‌కెమ్ స్కెచర్‌లో ప్రాక్టీస్ చేయించండి. ఉచితం, లాగిన్ అక్కర్లేదు, తప్పు గీసినా నష్టం లేదు. చేయి కుదిరాక సైఫైండర్‌కు వెళ్లండి. అక్కడ ఒకే బొమ్మకు మూడు రకాల జవాబులు వస్తాయి. గీసింది గీసినట్టు, సబ్‌స్ట్రక్చర్, సిమిలారిటీ. గీసింది గీసినట్టు అంటే ఆ కాంపౌండే, దాని లవణాలు, ఐసోమర్ల లాంటివి. సబ్‌స్ట్రక్చర్ అంటే మనం గీసిన ముక్కను తమ లోపల కలిగిన పెద్ద అణువులన్నీ. సిమిలారిటీ అంటే పోలికలున్నవి.

సబ్‌స్ట్రక్చర్‌లో పిల్లలు తడబడేది ఎక్కడంటే, ఖాళీగా వదిలిన ప్రతి చోటా ఏదైనా రావచ్చని మరిచిపోతారు. పైరజోల్ నైట్రోజన్‌ను ఖాళీగా వదిలితే ఫినైల్ హైడ్రజిన్‌తో చేసిన ఎన్-ఫినైల్ పైరజోల్స్ అన్నీ వచ్చి పడతాయి. నైట్రోజన్‌ను లాక్ చేస్తే, అంటే అక్కడ ఇంకేమీ అతకకూడదని తాళం వేస్తే, హైడ్రోజన్ ఉన్నవే మిగులుతాయి. పైరజోల్ రింగ్‌ను లాక్ చేయకపోతే దానికి ఇంకో రింగ్ అతికిన ఇండజోల్ లాంటివి కూడా రావచ్చు. ఒక్కో తాళం వేసి ఫలితాలు ఎలా తగ్గుతాయో, తీసి ఎలా పెరుగుతాయో పిల్లల చేతే చేయించండి. తర్వాత అదే బొమ్మలో ఒక నైట్రోజన్ బదులు ఆక్సిజన్ కూడా ఉండొచ్చని పెట్టమనండి. హైడ్రాక్సిలమీన్‌తో చేసే ఐసాక్సజోల్స్ కూడా వస్తాయి. గుజరాత్‌లోనో పోలండ్‌లోనో ఎవరో పక్క కాంపౌండ్ చేసి ఉంటే, మన రియాక్షన్‌కు కావాల్సిన కండిషన్ అందులోనే దొరకొచ్చు.

రియాక్షన్ సెర్చ్‌లో ఎడమ పక్క కర్కుమిన్, కుడి పక్క పైరజోల్ గీయించి మధ్యలో బాణం పెట్టించండి. ఈల్డ్, స్టెప్పుల సంఖ్య, సాల్వెంట్ బట్టి వడపోయొచ్చు. కానీ ఈల్డ్ వడపోతతో మొదలుపెట్టొద్దు. 40 శాతం ఈల్డ్ ఇచ్చిన పేపర్లోనే ప్యూరిఫికేషన్ వివరంగా ఉండొచ్చు.

సైఫైండర్, రియాక్సిస్ రెండూ డబ్బు కట్టి తీసుకునేవి, ప్రతి చోటా ఉండవు. లేని చోట పబ్‌కెమ్, ఆర్‌ఎస్‌సీ వాళ్ల కెమ్‌స్పైడర్, గూగుల్ పేటెంట్స్ కలిపి పని నెట్టుకురావొచ్చు. అయితే ఒక మాట గట్టిగా చెప్పండి: పబ్‌కెమ్‌లో ఒక కాంపౌండ్ ఉందంటే ఎవరో దాన్ని తయారు చేశారని అర్థం కాదు. కంపెనీల కేటలాగుల నుంచి, పేటెంట్ల నుంచి కంప్యూటర్లు తెచ్చి చేర్చినవీ అందులో ఉంటాయి. అలాగే పబ్‌కెమ్‌లో లేనంత మాత్రాన అది కొత్త కాంపౌండ్ అయిపోదు.

మాటలతో వెతకాల్సి వచ్చినప్పుడు

మెకానిజం, ఉత్ప్రేరకం, వాడకం లాంటి వాటికి మాటలే దారి. ఇక్కడ మనవాళ్లకు ఉన్న పెద్ద అడ్డంకి స్పెల్లింగ్. ఇంటర్ నుంచి సల్ఫర్‌ను పీ, హెచ్ అక్షరాలతో (ph) రాస్తూ వచ్చారు. 1990లో కెమిస్ట్రీ పేర్లు ఖాయం చేసే అంతర్జాతీయ సంస్థ ఐయుపాక్ ఎఫ్‌తో రాయడాన్ని ఖాయం చేసింది, ఇప్పటి జర్నళ్లలో ఎక్కువగా అదే. సల్ఫోనమైడ్‌ను ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే సగం పోతుంది. అల్యూమినియంకూ బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ పెట్టి, మధ్యలో ఆర్ అన్న ఇంగ్లిష్ మాటను పెద్ద అక్షరాల్లో రాయాలి.

స్కోపస్‌లో, వెబ్ ఆఫ్ సైన్స్‌లో పైరజోల్ స్పెల్లింగులో చివరి అక్షరం తీసేసి నక్షత్రం గుర్తు పెడితే పైరజోల్స్, పైరజోలీన్, పైరజోలోన్ కూడా వస్తాయి. గూగుల్ స్కాలర్‌లో ఈ నక్షత్రం పని చేయదని ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు అక్కడ గంట పోగొట్టుకుంటారు. రెండు మాటలు దగ్గరదగ్గరగా ఉండాలంటే వెబ్ ఆఫ్ సైన్స్‌లో నియర్/3 అనీ, స్కోపస్‌లో డబ్ల్యూ/3 అనీ ఇంగ్లిష్‌లో పెట్టాలి. గూగుల్ స్కాలర్ పేపర్ మొత్తం చదివి వెతుకుతుంది, అందుకే చెత్త ఎక్కువ వస్తుంది. కానీ ఎక్స్‌పెరిమెంటల్ భాగంలో ఒక్కసారి రాసిన రీఏజెంట్ పేరు కూడా అక్కడే దొరుకుతుంది.

ఒక మంచి పేపర్ దొరికాక: వెనక్కి, ముందుకు

సరైన పేపర్ ఒక్కటి దొరికితే సగం పని అయినట్టే. కర్కుమిన్ సింథసిస్ విషయంలో ఆ పేపర్ 1964లో పాబన్ రాసినది. డచ్ జర్నల్ రెకై దె త్రావో షిమీక్‌లో వచ్చింది. ఆ జర్నల్ ఇప్పుడు ఆ పేరుతో రాదు. 1990ల చివర్లో యూరప్‌లోని చాలా పాత కెమిస్ట్రీ జర్నళ్లు కలిసి యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఆర్గానిక్ కెమిస్ట్రీ అయ్యాయి. పాత పేపర్ల రిఫరెన్సుల్లో ఉండే పొట్టి పేర్లు చూసి పిల్లలకు టెన్షన్ వస్తుంది. సీఏఎస్ వాళ్ల కాసీ టూల్ ఉచితం, పొట్టి పేరు కొడితే పూర్తి పేరు ఇస్తుంది.

వెనక్కి వెళ్లడమంటే ఆ పేపర్ రిఫరెన్సులు చూడటం. కర్కుమిన్‌ను మొదట వేరు చేసింది 1815లో ఫోగెల్, పెల్తియే. స్ట్రక్చర్ తేలింది 1910లో. వెనక్కి వెళ్తూ పోతే ఒక్కో మెట్టూ కనిపిస్తుంది. ముందుకు వెళ్లడమంటే ఆ పేపర్‌ను ఎవరెవరు ఉదహరించారో చూడటం. గూగుల్ స్కాలర్‌లో పేపర్ కింద ఆ లింక్ ఉంటుంది, దాన్ని తెరిచాక ఆ జాబితాలోనే వెతికే వీలు కూడా ఉంది. పాబన్ పేపర్‌ను ఉదహరించినవాళ్ల జాబితాలో పైరజోల్ అని వెతికితే, కర్కుమిన్‌ను తామే చేసుకుని పైరజోల్‌గా మార్చినవాళ్లు తేలతారు.

పద్ధతిని కెమిస్ట్‌లా చదివించండి

పేపర్ దొరకగానే ఈల్డ్ చూసి సంతకం పెట్టేయకుండా, ఎందుకు అలా చేశారో అడగండి. పాబన్ అసిటైల్అసిటోన్‌ను, వెనిలిన్‌ను కలిపాడు. మామూలుగా అయితే రియాక్షన్ మధ్యలోని మీథిలిన్ మీద, నోవెనాజెల్ పద్ధతిలో జరుగుతుంది. అక్కడ జరగకూడదు, రెండు చివరల మీథైల్స్ మీద జరగాలి. అందుకని బోరిక్ ఆక్సైడ్‌తో డైకీటోన్‌ను బోరాన్ కాంప్లెక్స్‌గా మార్చి మధ్య భాగాన్ని పట్టి ఉంచాడు. ట్రైబ్యూటైల్ బోరేట్ నీటిని లాగేస్తుంది, బ్యూటైలమీన్ బేస్. ఈ మాట స్కాలర్ నోట వస్తే పేపర్ చదివినట్టు. "బోరిక్ ఆక్సైడ్ వాడారు సార్" అంటే అబ్‌స్ట్రాక్ట్ చదివినట్టు.

ఇంకో విషయం స్టార్టింగ్ మెటీరియల్. బయట 95 శాతం కర్కుమిన్ అని కొనేది చాలాసార్లు మూడు కర్కుమినాయిడ్ల మిశ్రమం: కర్కుమిన్, డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ కర్కుమిన్. 95 అన్నది మూడూ కలిపిన లెక్క. పేపర్లో దీన్ని కాలమ్ చేసి విడదీశారా, అలాగే వాడారా? జవాబు పేపర్ ముఖంలో ఉండదు, సప్లిమెంటరీలో ఉంటుంది. సప్లిమెంటరీ ఫైలు డౌన్‌లోడ్ చేయని పేపర్‌ను చదివినట్టు లెక్కలోకి తీసుకోవద్దు.

నమ్మకమైన పద్ధతి కావాలంటే ఆర్గానిక్ సింథసిస్ దగ్గరికి పంపండి. 1921 నుంచి వస్తోంది, పూర్తిగా ఉచితం. అచ్చు వేసే ముందు ప్రతి పద్ధతినీ ఇంకో ల్యాబ్‌లో చేసి చూస్తారు. అచ్చంగా మన రియాక్షనే అక్కడ లేకపోయినా, ఎక్స్‌పెరిమెంటల్ ఎలా రాయాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

పేటెంట్లు వదలొద్దు

మన స్కాలర్లు పేటెంట్లను అసలు తెరవరు. లాయర్ల భాష అని భయం. నిజానికి చివర్లో ఉండే ఎగ్జాంపుల్స్ భాగం ల్యాబ్ నోట్‌బుక్ లాగే ఉంటుంది. ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్, మన దేశపు ఇన్‌పాస్ ఉచితం. అప్లికేషన్ పెట్టిన 18 నెలలకు సాధారణంగా బయటికి వస్తుంది, కాబట్టి ఇవాళ ఏమీ కనిపించలేదంటే ఎవరూ పెట్టలేదని కాదు. క్లెయిముల్లో ఒకే బొమ్మలో ఆర్1, ఆర్2 అంటూ వందల కాంపౌండ్లను కలిపేస్తారు, దాన్ని మార్కుష్ స్ట్రక్చర్ అంటారు. మన కాంపౌండ్ పేరు ఎక్కడా రాయకపోయినా అందులో ఇమిడి ఉండవచ్చు.

పిల్లలకు పసుపు కేసు చెప్పండి. 1995లో అమెరికా, పసుపును గాయాలు మానడానికి వాడటం మీద 5,401,504 నంబర్‌తో పేటెంట్ ఇచ్చింది. మన కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ 1996లో సవాలు చేసింది. అప్పుడు డైరెక్టర్ జనరల్ రఘునాథ్ మషేల్కర్. సవాలుకు ఆధారంగా పెట్టింది 32 రిఫరెన్సులు. వాటిలో సంస్కృతం, ఉర్దూ, హిందీ పాత గ్రంథాలు కూడా ఉన్నాయి. 1997లో పేటెంట్ రద్దయింది. ఆ తర్వాత 2001లో సంప్రదాయ విజ్ఞానానికి డిజిటల్ లైబ్రరీ మొదలైంది. మన అమ్మమ్మలందరికీ తెలిసిన సంగతే అయినా అక్కడ కావాల్సింది ఎప్పుడో, ఎక్కడో రాసి పెట్టిన కాగితం. దాన్ని వెతికి పట్టుకున్నారు కాబట్టే కేసు గెలిచారు. లిటరేచర్ సెర్చ్ ఎందుకని అడిగే స్కాలర్‌కు ఇంతకంటే చెప్పేది లేదు.

ఫుల్ టెక్స్ట్ తెచ్చుకోవడం

2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు ఒప్పుకుంది. 2025 నుంచి మూడేళ్లకు 6000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ విద్యాసంస్థలకు వర్తిస్తుంది కాబట్టి మన స్టేట్ యూనివర్సిటీల పిల్లలకు ఇది పెద్ద మార్పు. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడిని బతిమాలి తెప్పించుకున్న పేపర్ ఇప్పుడు హనుమకొండలోనే తెరుచుకోవచ్చు.

సెలవులకు ములుగో, మంచిర్యాలో వెళ్లిన స్కాలర్ ఫోన్ డేటా మీద తెరిస్తే డబ్బులు కట్టమంటుంది. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ ద్వారా లాగిన్ ఎలా చేయాలో లైబ్రరీలో ఉన్నప్పుడే చేయించి చూడండి. అయినా దొరకనివి ఉచిత కాపీలు చూపించే అన్‌పేవాల్‌తో వెతకాలి. లేకపోతే రాసినవాళ్లకే మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ పెట్టాలి, చాలామంది పంపిస్తారు. భారతీయ థీసిస్‌లకు శోధ్‌గంగ ఉంది. పేపర్లో ఇరికించని స్పెక్ట్రా, ఫెయిలైన రియాక్షన్లు థీసిస్‌లో దొరుకుతాయి.

నమ్మొచ్చా లేదా

కర్కుమిన్ మీద ఏ రోగం పేరు కొట్టినా పేపర్ వస్తుంది. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష మాత్రం వేరే సంగతి చెప్పింది. ఇది నిలకడ లేని అణువు, చాలా పరీక్షల్లో తప్పుడు పాజిటివ్ ఇస్తుంది, మందుగా మారే అవకాశం చాలా తక్కువ. కర్కుమిన్ పేపర్లలో వెనక్కి తీసుకున్నవీ చాలానే ఉన్నాయి. జొటెరో వాడితే రిట్రాక్ట్ అయిన పేపర్ మీద ఎర్రగా హెచ్చరిక వస్తుంది. రిఫరెన్సుల కోసం ఎలాగూ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ నేర్పాలి కాబట్టి ఉచితంగా వచ్చే జొటెరోనే నేర్పండి.

చాట్ జీపీటీ లాంటివి ఇచ్చే రిఫరెన్సుల గురించి సూటిగా మాట్లాడండి. దాచిపెట్టి వాడటం కంటే చెప్పి వాడటం నయం. పర్యాయపదాలు అడగడానికి, కొత్త రంగం మాటలు తెలుసుకోవడానికి వాడుకోవచ్చు. రిఫరెన్స్ ఇస్తే మాత్రం దాని డీఓఐని (పేపర్‌కు ఇచ్చే శాశ్వత నంబర్‌ను) బ్రౌజర్‌లో తెరిచి, పేపర్ ఉందో లేదో, అందులో ఆ సంగతే ఉందో లేదో చూడాలి. లేని పేపర్లను అచ్చం ఉన్నట్టే రాసిస్తాయి, జర్నల్ పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా.

నోట్‌బుక్

ప్రతి సెర్చ్‌కూ ఒక లైను. తేదీ, డేటాబేస్, కొట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టు లేదా గీసిన బొమ్మ, వేసిన తాళాలు, వడపోతలు, ఎన్ని వచ్చాయి, ఏవి ఉంచుకున్నారు, ఎందుకు. "సైఫైండర్, సబ్‌స్ట్రక్చర్, 3,5-డైస్టైరిల్ పైరజోల్, నైట్రోజన్ లాక్, పైరజోల్ రింగ్ లాక్, తర్వాత ఐసాక్సజోల్‌తో మళ్లీ" అని ఉంటే ఏడాది తర్వాత ఇంకొకరు అదే సెర్చ్ మళ్లీ చేయగలరు.

ఏమీ దొరకని సెర్చ్‌ను కూడా రాయించండి, ఇంకా శ్రద్ధగా. పరిశోధనను పరిశీలించే కమిటీ డీఆర్‌సీలో "ఈ కాంపౌండ్ కొత్తది" అని స్కాలర్ అన్నప్పుడు "ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, ఎలా గీశావు" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ పేజీ తీసి చూపించగలిగితే మాట నిలబడుతుంది.

పరీక్ష ఎలా పెట్టాలి

జవాబు మీకు ముందే తెలిసిన ప్రశ్నలు ఇవ్వండి. బిగినెల్లి రియాక్షన్ తీసుకోండి. 1890లలో మొదలైంది, ఆల్డిహైడ్, బీటా కీటో ఎస్టర్, యూరియా కలిపేస్తే డైహైడ్రోపిరిమిడినోన్. దాని మీద కొత్త ఉత్ప్రేరకాల పేపర్లు లెక్కకు మించి ఉన్నాయి. "ఉత్ప్రేరకం అసలు లేకుండా ఎవరైనా చేశారా? చేస్తే వాళ్ల ఈల్డ్‌తో పోలిస్తే మీరు ఎంచుకున్న కొత్త ఉత్ప్రేరకం ఏం మేలు చేస్తోంది?" అని అడగండి. మార్కులు నోట్‌బుక్కుకు వేయండి, జవాబుకు తర్వాత. సరైన దారిలో వెళ్లి ఒక పేపర్ తప్పిపోయినవాడికి, పక్కవాడిని అడిగి జవాబు రాసినవాడికంటే ఎక్కువ రావాలి.

యూజీసీ ప్రీ-పీహెచ్‌డీలో తప్పనిసరి చేసిన పరిశోధన, ప్రచురణ నీతి కోర్సులో డేటాబేసుల భాగం ఉంది. ఈ అభ్యాసాలను అక్కడే పెట్టుకుంటే వేరే క్లాసు వెతుక్కోనక్కర్లేదు.

చివరగా అలర్టులు. స్కాలర్ తన బొమ్మను, తన మాటలను సైఫైండర్‌లో, స్కోపస్‌లో సేవ్ చేసి అలర్ట్ పెట్టుకోవాలి. పాబన్ పేపర్ లాంటి ముఖ్యమైన పేపర్లను ఎవరు ఉదహరించినా మెయిల్ వచ్చేలా గూగుల్ స్కాలర్‌లో పెట్టుకోవాలి. వారానికోసారి వచ్చే ఆ మెయిల్స్‌ను గ్రూప్ మీటింగులో మొదటి పది నిమిషాలు ఒక్కో స్కాలర్ వంతుగా చదివి వినిపించాలి. సినాప్సిస్ ఇచ్చే ముందు నోట్‌బుక్కు మొదటి పేజీలోని సెర్చ్‌లన్నీ అవే తాళాలతో, అవే వడపోతలతో మళ్లీ ఒకసారి చేసి, కొత్త తేదీ వేయాలి.